పదో పిల్ల

ఆల్డర్ ఫ్లాట్ హైస్కూల్లో ప్రిన్సిపాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. మిసెస్ హాస్‌కెల్ మాత్రం ఉంటుంది. ఆఫీసు గదిలో అడ్డబల్ల వెనక ఆవిడ కూర్చునే కుర్చీని దాటుకుని ఆ బడిలోకి ఈగ కూడా పోలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు చీటీ ఆవిడే ఇవ్వాలి. జ్వరమొచ్చిన పిల్లల ఇళ్ళకు ఫోను ఆవిడే చెయ్యాలి. బాస్కెట్‌బాల్ జట్టు బస్సు మంచులో ఇరుక్కుపోతే ఆ కబురు ముందు ఆవిడకే చేరాలి. పేరు వెర్లీన్ అని ఊరందరికీ తెలుసు గానీ, బడి లోపల ఆ పేరుతో పిలిచే ధైర్యం ప్రిన్సిపాల్‌కు తప్ప ఇంకెవరికీ లేదు. ఆ ప్రిన్సిపాల్ డ్వేన్ ఓస్ట్‌లర్ కూడా చిన్నప్పుడు ఆవిడ బల్ల ముందు నిలబడి ఆలస్యం చీటీలు రాయించుకున్నవాడే.

పేరు పెట్టి పిలవకపోయినా, భయం లేకుండా పిలిచే మనిషి ఇంకొకతె ఉండేది. మనవరాలు మారిబెల్, పదకొండో తరగతి. రోజూ పొద్దున బస్సు దిగగానే ఆఫీసులోకి తల పెట్టి, "గుడ్ మార్నింగ్, గ్రామ్మా!" అని అరిచి, బల్ల మీది గాజు జాడీలోంచి పిప్పరమెంటు బిళ్ళ ఒకటి తీసుకుని పారిపోయేది. ఇంకే పిల్ల ఆ జాడీ వైపు చెయ్యి చాపినా వెర్లీన్ చూపుకే ఆ చెయ్యి వెనక్కి పోయేది. మారిబెల్ తీసుకుంటే మాత్రం, ఆవిడ విసుక్కున్నట్టు ముఖం పెట్టి లోలోపల మురిసిపోయేది.

మారిబెల్, వెర్లీన్ కొడుకు క్లింట్ కూతురు. క్లింట్ లారీ తోలుతాడు. చలికాలం వస్తే చక్కెర ఫ్యాక్టరీకి బీట్‌దుంపలు, మిగతా రోజుల్లో ఉల్లిపాయలు. వారంలో సగం రోడ్డు మీదే ఉంటాడు. అతను చేసుకున్నది ఉల్లి షెడ్డులో కుళ్ళిన గడ్డలు ఏరే ఎర్లిండాను. ఎర్లిండా వాళ్ళు మెక్సికో నుంచి పంట కోతలకొచ్చి ఊళ్ళో ఉండిపోయిన కుటుంబం. పెళ్ళినాడు వెర్లీన్ ఏడవలేదు, గొడవ పడలేదు. మంచి పింగాణీ పళ్ళేల సెట్టు కానుకగా ఇచ్చింది. "నన్ను ఫలానా అని పిలువమ్మా" అని ఒక్క మాట చెప్పడం మాత్రం మరిచిపోయింది. మరిచిపోయానని తనకు తాను చెప్పుకునేది. కాపురం చేసి ఇన్నేళ్ళయినా కోడలు ఆవిడను మిసెస్ హాస్‌కెల్ అనే పిలుస్తుంది.

మనవరాలి విషయంలో అలా కాదు. పిల్ల పుట్టినప్పుడు ఆస్పత్రికి అందరికన్నా ముందు వెళ్ళింది వెర్లీనే. పేరు కాస్త కత్తిరించి "బెల్" అని పిలుచుకుంది. "ఆ పూర్తి పేరు నాకు నోరు తిరగదు" అనేది. ఊళ్ళో ఉన్న జర్మన్, బాస్క్, పోలిష్ ఇంటిపేర్లన్నీ ప్రతి జూన్‌లో పట్టాలిచ్చేటప్పుడు మైకు ముందు గడగడా చదివే నోటికి, ఆ ఒక్క పేరే తిరగలేదట! ఎర్లిండా విని నవ్వి ఊరుకుంది.

మార్చిలో ఒకనాడు ఓస్ట్‌లర్ తన గదిలోంచి పిలిచాడు.

"వెర్లీన్, ఒక్కసారి లోపలికి రండి. తలుపేసి రండి."

"తలుపేసుకునేంత రహస్యాలు ఈ బడికెప్పుడు పుట్టాయి డ్వేన్?" అంటూనే ఆవిడ తలుపు వేసింది.

ఓస్ట్‌లర్ బక్కపలచని మనిషి. కోచ్‌గా ఉన్నప్పుడు గొంతు పెద్దది, ప్రిన్సిపాల్ అయ్యాక అదీ సన్నబడింది. "పదకొండో తరగతిలో హిస్పానిక్ పిల్లలు ఈ ఏడు ఎంతమందో చూశారా?" అన్నాడు.

"పదిమంది. అయితే?"

"పోయినేడు ఎనిమిదిమందే. చుక్క పెట్టి వదిలేశారు."

ఈ చుక్క సంగతి ఆ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రాష్ట్రం వాళ్ళు ఏటా పదకొండో తరగతికి పరీక్ష పెట్టి బడి మార్కులు ఊరంతా చూసేలా ప్రకటిస్తారు. బడి మొత్తానికి ఒక అంకె వేస్తారు, ఆ పైన గుంపు గుంపుకూ ఒక అంకె వేస్తారు. తెల్లపిల్లలు ఎలా చదివారు, హిస్పానిక్ పిల్లలు, అంటే ఎర్లిండా వాళ్ళలా స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు, ఎలా చదివారు, ఇలా. ఏ ఒక్క గుంపు గీత కింద పడినా బడి పడినట్టే. అయితే గుంపులో పదిమందికి తక్కువుంటే అంకె వెయ్యరు. చిన్న ఊరు కదా, ఏ పిల్లకు ఎంతొచ్చిందో ఇట్టే తెలిసిపోతుందని అక్కడొక చుక్క గుర్తు పెట్టి, ఆ గుంపును లెక్కలోంచి తీసేస్తారు. పిల్లల పరువు కాపాడ్డానికి పెట్టిన చుక్క అది. దాని వెనక బడి పరువును దాచుకోవచ్చని కనిపెట్టిన ఘనులు మాత్రం పెద్దవాళ్ళే.

"ఈసారి పదిమంది కాబట్టి అంకె వేస్తారు," అన్నాడు ఓస్ట్‌లర్. "వేస్తే పడతాం. పడితే జిల్లా బోర్డు వాళ్ళు రెడీగా ఉన్నారు. మన పిల్లల్ని తీసుకెళ్ళి కింబ్రో బడిలో కలిపేస్తారు. లోగన్ వెల్స్ ఊరేమైందో చూశారుగా."

చూసింది. బడి మూసేసిన ఏడాదికే లోగన్ వెల్స్‌లో కిరాణా కొట్టు మూశారు, ఆ తర్వాత కాఫీ హోటలు. ఇప్పుడు మిగిలింది పోస్టాఫీసు, అదీ మధ్యాహ్నం దాకానే. శుక్రవారం సాయంత్రం ఆటకు వెళ్ళడానికి జనానికి ఒక చోటంటూ లేదు. వెర్లీన్ చూపు తలుపు వైపు పోయింది. ఈ బల్ల, ఈ కుర్చీ, ఈ గంట లేకపోతే తను పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలి?

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"నేనేం చెయ్యమనట్లేదు." ఓస్ట్‌లర్ గోడ అరలోని పాత ఆటల కప్పుల వంక చూశాడు. "కొంతమంది పిల్లలు ఎటు రాసినా చెల్లుతారు కదా. మీ బెల్ ఉంది చూడండి. ఇంటిపేరు హాస్‌కెల్. జుట్టు అచ్చం క్లింట్ జుట్టు. ఊరికే అంటున్నా."

"ఊరికే అనడానికి తలుపెందుకు వెయ్యమన్నావ్?"

అతను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. ఆవిడ కూడా రెట్టించలేదు.

ఆ మధ్యాహ్నం పిల్లలంతా భోజనాలకు పోయాక వెర్లీన్ కంప్యూటర్లో మనవరాలి పేరు తెరిచింది. బడిలో చేరేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళనూ అడిగే మొదటి ప్రశ్న, హిస్పానిక్ అవునా కాదా అని. అవునంటే ఆ పిల్ల ఆ గుంపులోకే పోతుంది, తండ్రి ఎవరైనా సరే. ఎర్లిండా "అవును" అని రాసింది. వెర్లీన్ దాన్ని "కాదు" చేసింది. ఒక్క నొక్కు, అంతే.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆవిడకు భయం వెయ్యలేదు, సిగ్గూ వెయ్యలేదు. గోడమీద వంకరగా వేలాడే పటాన్ని సర్దినంత హాయిగా అనిపించింది. హాస్‌కెల్ అన్న పేరు పక్కన తెల్లజాతి అని ఉంటే కళ్ళకు ఇంపుగా ఉంది. కాసేపు చూసుకుంది కూడా. బడి కోసం చేశానని పైకి అనుకుంది గానీ, బడి ఊసు లేకపోయినా ఆ నొక్కు నొక్కాలని ఎన్నేళ్ళుగా చెయ్యి దురద పెడుతోందో ఆ చేతికే తెలుసు. ఇంకో మాట కూడా అనుకుంది. పిల్ల ఎలాగూ లెక్కల్లో అంతంత మాత్రమే కదా, తప్పే గుంపులో ఉండి తప్పిందనిపించుకోవడం దానికి మాత్రం ఏం గౌరవం, అని.

అంతంత మాత్రమని ఎలా తెలిసిందంటారా? ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకు ఎప్పుడూ సి. ఇంటిపని సరిగా ఇవ్వదని టీచర్ రాసేది. ఎందుకివ్వట్లేదని వెర్లీన్ అడగలేదు. ఎర్లిండాకు సాయంత్రం షిఫ్టు. క్లింట్ రోడ్డు మీద. తమ్ముడికి అన్నం పెట్టి, స్నానం చేయించి, పడుకోబెట్టాల్సింది మారిబెల్లే. ఆ ఇల్లు వెర్లీన్ ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంది. ఒక్క సాయంత్రం వెళ్ళి తలుపు తట్టినా తెలిసేది.

ఏప్రిల్లో పరీక్షలయ్యాయి. మే చివర, వేసవి సెలవులకు ముందు, బహుమతుల సాయంత్రం వచ్చింది.

ఆ సాయంత్రం ఊరు ఊరంతా బడి జిమ్‌లోనే ఉంటుంది. గోడవార పొడుగాటి బల్లల మీద ఎవరి వంట వాళ్ళు తెచ్చి పెడతారు. ఒక కొసన బంగాళాదుంప ముక్కలు పేర్చిన మాంసం కూరలు, వణుకుతూ నిలబడే ఆకుపచ్చ జెల్లీలు. ఇంకో కొసన ఉల్లి షెడ్డులో పనిచేసే మెక్సికో కుటుంబాలవాళ్ళు మొక్కజొన్న పిండి ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలేలు, ఎర్ర అన్నం, పచ్చిమిరప పచ్చడి. జనం రెండు కొసల్లోనూ తింటారు, కూర్చునేది మాత్రం ఎవరి కొసన వాళ్ళే. అన్నిటికన్నా ఆఖర్న ఇచ్చేది షెడ్డు కుటుంబాల బహుమతి. క్రిస్మస్ ముందు ఇంటింటా తమాలేలు చేసి అమ్మి, ఆ డబ్బుతో తమ పిల్లల్లో లెక్కల్లో మొదటివాణ్ణో మొదటిదాన్నో కాలేజీలో మొదటి ఏడు చదివిస్తారు. పేరు ఎవరూ ఎంచరు. ఒకసారి ఎంపికలో మేనల్లుడని, బావమరిదని రచ్చ జరిగాక, హిస్పానిక్ గుంపులో రాష్ట్రం పరీక్షకు ఎవరికి ఎక్కువొస్తే ఆ పేరు బడి కంప్యూటరే తీసివ్వాలని కట్టుబాటు చేసుకున్నారు. ఓస్ట్‌లర్ ఆ పేరును కవరులో పెట్టి ఇస్తాడు. షెడ్డులో మేస్త్రీగా చేసి మానేసిన డాన్ ఫెర్మిన్ అనే పెద్దాయన దాన్ని వేదిక మీద విప్పుతాడు.

మారిబెల్ చిన్నప్పటి నుంచీ ప్రతి డిసెంబరులో ఆ తమాలేల కోసం మొక్కజొన్న పొత్తుల ఆకుల మీద పిండి పూస్తూ పెరిగింది.

వెర్లీన్ తన అలవాటు చోట, తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. ఎర్లిండా వెతుక్కుంటూ వచ్చింది. నీలం గౌను వేసుకుంది, పెదాలకు రంగు వేసుకుంది. ఆ కొసన ఆమె వరసలో అక్కలు, వాళ్ళ పిల్లలు, ఒడిలో పెద్ద కేకు పెట్టెతో వాళ్ళ అమ్మమ్మ. క్లింట్ కూడా లారీ ఆపి వచ్చి, తడి జుట్టు దువ్వుకుని కూర్చున్నాడు.

"ఏంటి సంగతి? పెళ్ళికొచ్చినట్టు వచ్చారంతా?" అంది వెర్లీన్.

ఎర్లిండా చెవి దగ్గరకు వంగింది. "మిసెస్ హాస్‌కెల్, బిడ్డ మీకు చెప్పొద్దంది. వేదిక మీద చూసి మీరు ఆశ్చర్యపోవాలంట. కానీ నా కడుపులో మాట ఆగదు. మార్కుల కవరు ఇంటికొచ్చింది. లెక్కల్లో అన్నిటికన్నా పై మెట్టు! బడి మొత్తంలో ఇద్దరికే వచ్చిందంట, టీచరమ్మ చెప్పింది. పొద్దున్నే బస్సు కన్నా ముందు లేచి చదివేది, మీకు తెలుసుగా."

వెర్లీన్‌కు తెలియదు. తల ఊపింది.

"ఈ కేకు కింబ్రో నుంచి తెప్పించాం. మొదటి ముక్క మీకే అంది." ఎర్లిండా నవ్వి తన వరసకు వెళ్ళిపోయింది.

 వేదిక మీద పాటలపోటీ కప్పులు ఇస్తున్నారు. ఆవిడ లేచి, గోడవారగా నడిచి, వేదిక పక్క తెర దగ్గర నిలబడ్డ ఓస్ట్‌లర్ దగ్గరకు పోయింది. అతని చేతిలో కవరుంది.

"డ్వేన్, ఆ కవర్లో ఎవరి పేరుంది?"

"ఉలీసెస్ బారాగాన్." అతను ఆవిడ ముఖం చూడలేదు. "నేనూ పొద్దున్నే చూశాను. కంప్యూటర్ అదే ఇచ్చింది."

"ఎక్కువొచ్చింది మా పిల్లకి. నీకు తెలుసు."

"తెలుసు. కానీ మీ పిల్ల ఆ గుంపులో లేదుగా." అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇంకో సంగతి వింటారా? బెల్ మార్కు కలిపి చూశాను. కలిపితే గుంపు గీత దాటేది, వెర్లీన్. చుక్క అక్కర్లేకుండానే గట్టెక్కేవాళ్ళం."

వెర్లీన్ కవరు మీద చెయ్యి వేసింది. "ఇప్పుడు మార్చు. ఆ పెద్దాయనకు చెప్పు. పొరపాటు జరిగింది, పేరు ఇదీ అని చెప్పు."

"చెప్పి? పరీక్షకు ముందు ఎందుకు మార్చామో రాష్ట్రం అడుగుతుంది. ఎవరు మార్చారో అడుగుతుంది. మీరే చెప్తారా మైకులో? ఇదిగో, చెప్పండి." నిజంగానే పక్కకు జరిగాడు. మైకు నాలుగడుగుల దూరంలో ఉంది.

ఆవిడ నోటికి ఊళ్ళో ఏ మైకూ కొత్త కాదు. కానీ జిమ్ అంతా కనిపించింది. ఈ కొస, ఆ కొస, మధ్యలో తడి జుట్టుతో కొడుకు. పిల్లల చేత నిజాలు కక్కించిన మనిషి, ఇన్నేళ్ళుగా అబద్ధపు చీటీ తెచ్చిన పిల్లను చూపుతోనే ఏడిపించిన మనిషి, మారు మాట్లాడకుండా వెనక్కి నడిచింది. తన కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో చేతిసంచిని గట్టిగా పట్టుకుంది.

డాన్ ఫెర్మిన్ కవరు విప్పాడు. కళ్ళజోడు సర్దుకుని, "ఉలీసెస్ బారాగాన్!" అన్నాడు.

ఆ కొసన ఒక వరస అప్పటికే సగం లేచింది. కేకు పెట్టె పట్టుకున్న అమ్మమ్మ కూడా లేచింది. లేచినవాళ్ళు ఎలా కూర్చోవాలో తెలియక అలాగే నిలబడ్డారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది మారిబెల్లే. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. అయినా ఉలీసెస్ వేదిక ఎక్కేదాకా, అతని తండ్రి టోపీ తీసి కళ్ళు తుడుచుకునేదాకా కొడుతూనే ఉంది. ఎర్లిండా చుట్టూ చూసి, మెల్లగా కూర్చుని, కేకు పెట్టెను అందుకుని కింద పెట్టి, కాలితో కుర్చీ కిందకు నెట్టింది.

క్లింట్ వచ్చాడు. "ఏంటమ్మా ఇది? దానికే వస్తుందన్నారుగా అందరూ?"

"నాకేం తెలుసు?" అంది వెర్లీన్.

అనేశాక ఆ మాట ఆవిడ నోట్లోనే చేదుగా నిలిచిపోయింది. ఇంటికెళ్ళి పళ్ళు తోముకున్నా పోలేదు.

మర్నాడు పొద్దున మారిబెల్ ఆఫీసులోకి తల పెట్టలేదు. బస్సు వచ్చింది, పిల్లలు దిగారు, పోయారు. గంట కొట్టాక తలుపు తెరుచుకుంది. ఎర్లిండా. సాయంత్రానికి బదులు రాత్రి షిఫ్టు చేసి నేరుగా వచ్చింది; షెడ్డు బట్టల్లోనే ఉంది, నుదుటి మీద జుట్టుకు పెట్టుకునే వలటోపీ అచ్చు పడి ఉంది. ఆమెతోపాటు ఉల్లివాసన కూడా గదిలోకొచ్చింది. చేతిలో వెండికాగితం కప్పిన పళ్ళెం. పెళ్ళికి వెర్లీన్ ఇచ్చిన సెట్టులోదే. వెనక గోడకు ఆనుకుని మారిబెల్ నిలబడింది.

"మీ ముక్క తెచ్చాను మిసెస్ హాస్‌కెల్. మీకని ముందే కోసి పెట్టాం." ఎర్లిండా పళ్ళెం బల్ల మీద పెట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బట్టలకు తుడుచుకుంది. "ఒక మాట అడగాలి. ఏమనుకోకండి."

"చెప్పు."

"డాన్ ఫెర్మిన్‌ని అడిగాను. కంప్యూటర్లో బిడ్డ మా గుంపులో లేదంట, అందుకే పేరు రాలేదంట. తప్పు నాదే అయ్యుంటుంది. చేర్పించినప్పుడు నాకు ఇంగ్లీషు సరిగా రాదు. ఏదో కంగారులో తప్పు గీత పెట్టేసుంటాను. నా చదువు లేకపోవడం వల్ల దానికి పోయింది." ఆమె పళ్ళెం మీది కాగితం సర్దింది. "అడగాలంటే సిగ్గుగా ఉంది. పైఏడుకైనా సరిచేస్తారా? మీకు శ్రమ కదా, క్షమించండి."

వెర్లీన్‌కు తల కొట్టేసినట్టయింది. ఇలాంటి తప్పులు రోజూ జరుగుతాయి. "సరేలే, చూస్తాను" అంటే చాలు. కోడలు థాంక్స్ చెప్పి వెళ్ళిపోతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. దేవుడా, వచ్చింది.

"అమ్మ తప్పు పెట్టలేదు గ్రామ్మా," అంది వెనక నుంచి మారిబెల్. "చేరిన రోజు నేను పక్కనే ఉన్నా. నన్ను చదవమంది. 'అవును' అని పెట్టడం నేనే చూశా. నువ్వు చూసి చెప్పు, ఎవరు మార్చారో."

 వెర్లీన్ బల్ల అంచు పట్టుకుంది.

"నేను," అంది.

ఎర్లిండాకు అర్థం కాలేదు. "మీరు... ఏంటి?"

"నేనే మార్చాను. గుంపులో పదిమందైతే లెక్క వేస్తారు. లెక్క వేస్తే బడి పడుతుందని. తొమ్మిదిమందైతే చుక్క పెడతారని. బడి మూసేస్తారని భయమేసింది." మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. తప్పు చేసి బల్ల ముందు నిలబడ్డ పిల్లలు సరిగ్గా ఇలాగే మాట్లాడతారు.

మారిబెల్ గోడ దగ్గర్నుంచి బల్ల ముందుకొచ్చింది. "పదిమందిలో నన్నే ఎందుకు తీసేశావు?"

"నువ్వు... నీ ఇంటిపేరు..."

"నేను తప్పుతాననుకున్నావా?"

జవాబు ఉంది. అవును, అనుకున్నాను. అది ఒకటి. ఆ గుంపులో నువ్వుండటం నాకు ఎన్నడూ ఇష్టం లేదు. అది రెండోది, అసలుది. రెండూ గొంతులోనే ఉన్నాయి, ఒక్కటీ పైకి రాలేదు. రావాల్సిన అవసరమూ లేకపోయింది. ఎర్లిండా ఆ ముఖంలోనే చదివేసుకుంది. ఇంగ్లీషు సరిగా రాకపోయినా, పెళ్ళినాటి నుంచీ ఆమెకు ఆ ముఖం చదవడం వచ్చు.

"పద మారిబెల్, క్లాసుకి టైమైంది," అంది నెమ్మదిగా.

వెర్లీన్ కంగారుగా కంప్యూటర్ వైపు తిరిగింది. "ఇప్పుడే మార్చేస్తాను. డ్వేన్ ఏమన్నా సరే. ఆ బహుమతి నీదే, డాన్ ఫెర్మిన్‌కి నేనే చెప్తాను, ఊరందరి ముందు చెప్తాను..."

"వద్దండీ," అంది మారిబెల్.

ఎప్పుడూ నువ్వు అనే పిల్ల. వెర్లీన్ చెయ్యి ఆగిపోయింది.

"ఇప్పుడు మారిస్తే ఉలీసెస్ దగ్గర వెనక్కి తీసుకుంటారు. నిన్న వాళ్ళ నాన్న ఏడ్చాడు, చూశారా? అలా చెయ్యకండి. నేను పన్నెండో తరగతిలో కష్టపడి ఇంకేదైనా తెచ్చుకుంటాను." పిల్ల గొంతులో కోపం లేదు, అదే భరించలేనిది. "బడికి కూడా చుక్క కావాలి కదా. ఉండనివ్వండి. ఎలాగూ మీకు నచ్చినట్టే ఉంది."

తల్లీకూతుళ్ళు వెళ్ళిపోయారు. "మారిబెల్!" అని పిలిచింది వెర్లీన్. పూర్తి పేరు, ఎక్కడా తడబడకుండా. నోరు బాగానే తిరిగింది. కారిడార్‌లో తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. హిస్పానిక్ గుంపు ఎదురుగా చుక్క గుర్తు. బడి గీత దాటింది, కింబ్రోలో కలిపే మాట బోర్డు మానుకుంది. రోడ్డు మీద కనిపించేలా ఓస్ట్‌లర్ పెద్ద బట్ట కట్టించాడు. కాఫీ హోటల్లో జనం వెర్లీన్ భుజం తట్టి, "బడిని నిలబెట్టారు మీరంతా" అన్నారు. ఆవిడ కాఫీ సగంలో వదిలేసి లేచి వచ్చేసింది.

సెప్టెంబరులో బడి తెరిచారు. వెర్లీన్ ముందు రోజే జాడీ కడిగి, కొత్త పిప్పరమెంటు బిళ్ళలు నింపి, తలుపు వైపు జరిపి పెట్టింది. బస్సు ఆగింది. పిల్లలు దిగుతుంటే ఆవిడ లేచి నిలబడింది. మారిబెల్ తలుపు దగ్గర ఆగింది. ఆగకుండా పోవచ్చు, అయినా ఆగింది. వాళ్ళమ్మ పెంపకం అలాంటిది.

"గుడ్ మార్నింగ్, మిసెస్ హాస్‌కెల్," అంది, వాళ్ళమ్మ అన్నట్టే మర్యాదగా. బిళ్ళ తీసుకోకుండా క్లాసుకు వెళ్ళిపోయింది.